అమావాస్యకి తెరిచే ఫొటోలు

మొన్న ఆదివారం మా మనవరాలు వచ్చి, నా ఫోను మొరాయిస్తోందనీ, లోపల చెత్తంతా పేరుకుపోయిందనీ, ఈ అమ్మమ్మకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదనీ నాలుగు చీవాట్లు పెట్టి, గంటసేపు దాన్ని అటూ ఇటూ నొక్కి, బాగుచేశానని చెప్పి వెళ్ళిపోయింది. పిల్ల వెళ్ళాక టీ పెట్టుకుని, చుట్టాల గ్రూపులో ఎవరిదో గృహప్రవేశం ఫొటోలు వచ్చాయంటే చూద్దామని ఫోను తెరిచాను. ఇన్నాళ్ళూ నా ఫోనులో ఫొటో వచ్చిందంటే ముందు ఒక మసక గడి కనిపించేది, దాని మధ్యలో కిందికి చూపించే చిన్న బాణం ఉండేది, నేను వేలు పెట్టి నొక్కితేనే బొమ్మ తెరుచుకునేది. ఇప్పుడు గడీ లేదు, బాణమూ లేదు. నేను అడగకుండానే పీటల మీద కూర్చున్న దంపతులూ, పాలు పొంగుతున్న గిన్నే, వరసగా నిలబడ్డ బంధువులూ అన్నీ తెరుచుకుని నా మీదికి వచ్చేశాయి. వెంటనే ఆ పిల్లకి ఫోన్ చేసి, ముందెలా ఉందో అలాగే పెట్టి ఇమ్మన్నాను. అందరి ఫోన్లూ ఇలాగే ఉంటాయి కదా అమ్మమ్మా అంది. నీకు చెప్పినా అర్థం కాదులే అని పెట్టేశాను. ఇరవై ఏళ్ళ పిల్లకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను? మీరంటే నా ఈడువాళ్ళు, మనిషి కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో ఎరిగినవాళ్ళు, మీకైతే చెప్పుకోగలను.

మాది శ్రీకాకుళానికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న ఒక పేట. చేపల వేట మా కులవృత్తి. నాన్న తెప్ప మీద పోయేవాడు, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఆడపిల్లకి చదువెందుకని పేటంతా నవ్వుతున్నా అమ్మ పట్టుబట్టి నన్ను చదివించింది, బస్సు మీద ఏం రాసుందో చదివే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలని ఆవిడ కోరిక. ట్రైనింగు అయ్యాక మా పేట బళ్ళోనే టీచరు ఉద్యోగం దొరికింది, పెళ్ళి కూడా పేటలోనే మా బావతో అయింది, అలా నా ఉద్యోగకాలమంతా అమ్మ ఇంటికి నాలుగిళ్ళ అవతలే గడిచిపోయింది. బళ్ళో పుస్తకం తెలుగు మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చి కూడా అలాగే మాట్లాడితే, అదిగో మా రేడియో వచ్చినాది అని అమ్మ వెక్కిరించేది. ఇప్పుడిలా రాస్తున్నా ఆవిడ పక్కనే కూర్చుని మూతి తిప్పుతున్నట్టే ఉంటుంది.

నాకూ మా తమ్ముడికీ వయసులో చాలా ఎడం, మధ్యలో పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే, అఆలు దిద్దించిందీ నేనే. మా వైపు అక్కని అప్ప అంటాం; బళ్ళో పిల్లలంతా టీచరమ్మా అని పిలిస్తే వాడొక్కడూ అప్పా అని పిలిచి నాచేత తిట్లు తినేవాడు. ఐదో తరగతి అవగానే, ఇంక చాలు అప్పా అని చెప్పి సముద్రానికి పోయాడు. తరవాత ఈ తీరాన చేప తగ్గిపోయి, మా పేట మగవాళ్ళంతా గుజరాత్ బోట్ల మీద పనికి పోవడం మొదలుపెడితే వాళ్ళతో పాటు వాడూ పోయాడు. వానాకాలం చివర్లో వెళ్ళడం, ఎండలు ముదిరాక రావడం. ఆమదాలవలస స్టేషనులో రైలెక్కించడానికి ఇంటిల్లిపాదీ తరలివెళ్ళేవాళ్ళం, ఎండు నెత్తళ్ళ చేపల మూటలూ, చింతకాయ పచ్చడి సీసాలూ, కంబళ్ళూ మోసుకుని. రైలు కదిలేటప్పుడు ఆడవాళ్ళు ఏడవకూడదు, ఎప్పుడొస్తావని అడగకూడదు, అది మావాళ్ళ పట్టింపు. అందుకని రైలు మలుపు తిరిగేదాకా బిగపట్టుకుని నిలబడి, ఆ తరవాత ప్లాట్‌ఫారం చివరికి పోయి కరువుతీరా ఏడ్చి, మొహాలు కడుక్కుని, టీలు తాగి ఇంటికొచ్చేవాళ్ళం.

మా మరదలు పక్క పేట పిల్ల. చదువు రాదు గానీ నోరు మంచిది, నవ్వు మొదలుపెడితే ఆపుకోలేదు. పెళ్ళయి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు, పిల్లలింకా కలగలేదు. వాడు గుజరాత్ పోయాడంటే మళ్ళీ బోటు రేవుకొచ్చి, వాడికి ఖాళీ దొరికి, ఫోను చేస్తేనే మాట. ఆ ఫోనులోనూ గాలి హోరే ఎక్కువ వినిపించేది. అమ్మ గట్టిగా అరిచి, తిన్నావా అని అడిగేది. వాడు అక్కడినుంచి అరిచి, తిన్నానని చెప్పేవాడు. అంతలో పెట్టేసేవారు. మరదలి వంతు వచ్చేసరికి ఎప్పుడూ మాట మిగిలేది కాదు.

అలాంటి రోజుల్లో, ఓ పదేళ్ళ కిందటి మాట, ఒక కంపెనీవాళ్ళు తమ సిమ్ము వేసుకుంటే ఇంటర్నెట్ ఉచితమని సంత గోడల నిండా కాయితాలు అంటించారు. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఉచితమంటే అంతా ఉచితం కాదు, వాళ్ళు ఎంచిపెట్టిన కొన్ని పేజీలే తెరుచుకునేవి. వాన ఎక్కడ పడుతుందో, క్రికెట్ ఎవరు గెలిచారో, నెలలు నిండిన ఆడది ఏం తినాలో, ఇలాంటివి. ఆ పొలిమేర దాటి ఇంకో దాని మీద వేలు పెడితే, ఇక్కణ్ణుంచి డబ్బు పడుతుంది, సరేనా అని అడిగేది. ఆ ప్రశ్న కనిపిస్తే మా పేట ఆడవాళ్ళు వేడి పెనం మీద చెయ్యి పడ్డట్టు వెనక్కి లాక్కునేవారు. మాటలు రాసి పంపుకునే పేజీ ఒకటి మాత్రం ఆ ఉచితంలో ఉండేది, మాకదే పదివేలు. అందులో అక్షరాలొచ్చేవి గానీ బొమ్మలు వచ్చేవి కావు. ఎవరైనా ఫొటో పంపితే దాని చోట బూడిదరంగు గడి ఒకటి వచ్చి, ఈ ఫొటో చూడాలంటే చార్జీ పడుతుందని దాని కింద రాసి ఉండేది. ఇంటర్నెట్ అంటే అంతే కాబోలనుకున్నాం. దానికి ఇంకా పెద్ద ప్రపంచం ఉందని మాకు తెలీదు, తెలిసినా మాకు కావలసిన ప్రపంచం గుజరాత్‌లో ఒక రేవులో ఉంది.

సిగ్నలు బడి వెనక ఇసక దిబ్బ మీదే దొరికేది, సరుగుడు చెట్ల నీడలో. మధ్యాహ్నం బేరం ముగించుకుని, ఖాళీ తట్టలు బోర్లించి వాటి మీద కూర్చునేవారు ఆడవాళ్ళంతా. బడి వదిలాక నేను వెళ్ళి ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని వాళ్ళ మగవాళ్ళు ఏం రాశారో చదివి వినిపించి, వీళ్ళు చెప్పింది రాసి పంపేదాన్ని. ఆ ఫోన్లకి తెలుగు అక్షరం చేతకాదు, ఇంగ్లీషు అక్షరాలతోనే మన మాటలు రాయాలి. పేటలో అందరి సంసారాలూ నా నోటి మీదుగానే నడిచేవి. అందరి పాస్‌వర్డులూ నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే అందరూ మా ఊరి అమ్మవారి పేరే పెట్టుకున్నారు. వేరేది పెట్టండే, దొంగలు పడతారని ఎంత మొత్తుకున్నా, ఆ పేరు పెట్టాక దొంగెలా వస్తాడు టీచరమ్మా అని నన్నే ఎదురడిగేవారు.

మరి ఆ బూడిదరంగు గడుల సంగతేమిటంటే, వాటికి మా ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. అమావాస్య నాడు మా పేటలో వేటకి పోరు, చేప ఉండదు, బేరముండదు. ఆ రోజు అందరూ కలిసి ఒక ఫోనులో అసలు నెట్టు వేయించేవారు, ఒకరి తరవాత ఒకరి పేజీని నేను అందులో తెరిచేదాన్ని. డబ్బు కట్టిన నెట్టులో గడులుండవు కదా, పేజీ తెరవగానే నెలరోజులుగా పేరుకున్న ఫొటోలన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచేవి. బోటు ముక్కు మీద నిలబడ్డ మొగుడు, మనిషంత చేపని కౌగిలించుకున్న మొగుడు, కొత్త చొక్కా వేసుకుని స్టూడియోలోలాగా చేతులు కట్టుకున్న మొగుడు. ఎవరి మొగుడి ఫొటో అయినా అందరూ చూసేవారు, అందరూ వంకలు పెట్టేవారు. ఈడేటే ఇంత పొట్ట పెంచినాడు, పని సేస్తన్నాడా పడుకుంటన్నాడా అని ఒకావిడ అంటే, ఆ పొట్టవాడి పెళ్ళాం ఇసక విసిరేది. అమ్మ కూడా కర్ర పట్టుకుని దిబ్బెక్కి వచ్చి నా భుజం మీదనుంచి వంగి చూసేది. ఆవిడ కళ్ళకి అప్పటికే పొరలు కమ్ముతున్నాయి, ఆపరేషన్ అంటే కత్తి కంట్లో పెడతారని భయపడి రానంది. తమ్ముడి ఫొటో వస్తే ఫోను ముక్కుకి ఆనించుకుని, ప్రతిసారీ ఒకటే మాట, సిక్కిపోనాడు నా నాయన అని. వాడేమో ప్రతి ఫొటోలోనూ ఇంకాస్త లావయ్యేవాడు.

ఆ ఏడు చలికాలంలో, అమావాస్య ఇంకా కొన్నాళ్ళుందనగా, మరదలి పేజీలో కొత్త గడి ఒకటి వచ్చింది. దాని కింద రెండు ముక్కలు రాశాడు. నేను అలవాటు ప్రకారం పైకి చదివేశాను: ఇది నువ్వొక్కదానివే సూడు, అప్పకి సూపించకు. చదివాక గానీ నాకు తెలియలేదు అది చదువుతున్నది అప్పే అని. దిబ్బ మీద ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. మరదలు ఫోను లాక్కుని కొంగులో దాచుకుంది, మొహం కందిపోయింది. ఆ వారమంతా పేటలో ఇదే కబురు. మీసం తీసేశాడని ఒకరు, చెయ్యి మీద పెళ్ళాం పేరు పొడిపించుకున్నాడని ఇంకొకరు, ముక్కుపుడక కొన్నాడని మరొకరు పందాలు వేసుకున్నారు. అందరి మధ్యా తెరిచేది కాదు కాబట్టి, మరదలు తనొక్కతే శ్రీకాకుళం పోయి, సెల్లు కొట్టులో నెట్టు వేయించుకుని, నాగావళి గట్టు మీద ఎవరూ లేనిచోట కూర్చుని చూసుకుంటానంది. సరే, రేపే పోరాదే అన్నాను. అప్పుడు అది నవ్వుతూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఉండనీ ఒదినా. సూసేస్తే అయిపోతాది కదా."

అలా దాచుకుంది. పిల్లలు బెల్లంముక్క చేతిలో పెట్టుకుని తినకుండా తిరుగుతారు చూడండి, అలా నాలుగు రోజులు ఫోను కొంగున ముడేసుకుని తిరిగింది. ఇంతలో గుజరాత్ వైపు సముద్రంలో గాలి లేచిందని టీవీలో చెప్పారు. బోట్లన్నీ ఒడ్డుకొచ్చేశాయన్నారు. తరవాత, ఒకటి తప్ప అన్నీ వచ్చాయన్నారు. ఆ ఒక్కటీ మా తమ్ముడెక్కిన బోటు.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఆఫీసుల చుట్టూ తిరిగాం, మా బావ గుజరాత్ దాకా పోయి వచ్చాడు. బోటు చెక్కలు దొరికాయన్నారొకరు, అవి వేరే బోటువన్నారు ఇంకొకరు. మనిషి మాత్రం దొరకలేదు. అయితే మా పేటల్లో ఇంకో ఆశ ఉంది. గాలికి కొట్టుకుపోయి సరిహద్దు దాటి, అవతలి దేశంవాళ్ళకి పట్టుబడి, జైళ్ళలో పడి, ఏళ్ళ తరవాత గడ్డాలతో తిరిగొచ్చినవాళ్ళు మా తీరంలో ఉన్నారు. అలా వచ్చినవాణ్ణి ఒకణ్ణి నేనే కళ్ళారా చూశాను, సొంత కూతురు గుర్తుపట్టక తలుపు చాటుకి పోయింది. పట్టుబడ్డవాళ్ళలో మావాడి పేరు లేదని ఆఫీసులో చెప్పారు. పేర్లు తప్పులు పడతాయి ఒదినా, మనూళ్ళ పేర్లు ఆళ్ళకి తిన్నగా పలకడం వస్తాదా అంది మరదలు.

నెలలు గడిచాయి. మగవాళ్ళు తిరిగొచ్చే కాలం వచ్చింది, మా తమ్ముడు రాలేదు. కులపెద్దలు వచ్చి అరుగు మీద కూర్చుని, ఇంక కర్మ జరిపించాలి, లేకపోతే ఆ ప్రాణం అటూ ఇటూ కాకుండా తిరుగుతుందని మెల్లగా చెప్పారు. మావాళ్ళలో సముద్రం మనిషిని తీసుకుని శవం ఇవ్వకపోతే, పిండిబొమ్మ చేసి ఒడ్డున కాల్చి, కర్మ చేస్తారు. అమ్మ అంతా విని, చేయండి గానీ కడచూపు లేకుండా నేనొప్పుకోను అంది. మొహం చూడకుండా కొడుకుని ఎలా సాగనంపేది? పిండిబొమ్మకి నా కొడుకు మొహముంటుందా? ఆ ఫోనులో వాడు పంపిన ఫొటో ఉంది కదా, అది తెరవండి, ఓసారి చూస్తాను, అప్పుడు మీ ఇష్టం అంది. పెద్దలు కూడా సబబేనన్నారు. అందరూ మరదలి వంక చూశారు.

అది లోపలికి పోయి, ఫోను బియ్యం డబ్బాలో అడుక్కి తోసి, డబ్బా మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమే, ఆవిడ తల్లి కదా అన్నాను. అది గోడ వంక చూస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పింది.

"తెరిస్తే అదే కడసూపు అయిపోతాది ఒదినా. తెరవకపోతే, మీ తమ్ముడు నాకింకా సూపించాల్సింది ఒకటి మిగిలున్నాది."

నేను లేచి వచ్చేశాను. ఒకవైపు అమ్మ, కొడుకు మొహం ఒక్కసారి చూడాలని. ఇంకోవైపు మరదలు, ఆ మొహం చూస్తే మొగుడు లేనట్టేనని. ఇద్దరూ అడిగింది న్యాయమే, ఇద్దరికీ ఇవ్వడానికి నా దగ్గరున్నది ఒకటే గడి. పైగా అది నువ్వొక్కదానివే చూడమని వాడు పెళ్ళానికి పంపిన ఫొటో. దాని మీద హక్కు మరదలిదే అని అమ్మకి చెప్పాను. అమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. కర్మ జరగలేదు. మరదలి నుదుటి బొట్టు అలాగే ఉంది, గాజులు అలాగే ఉన్నాయి, పేటలో పెళ్ళిళ్ళకి పిలవాలో మానాలో తెలియక జనం దాని గుమ్మం ముందు తలొంచుకుని పోయేవారు. అమ్మ మాత్రం అన్నం వండినప్పుడల్లా ఒక ముద్ద తీసి వాకిట్లో పెట్టేది. కాకి ముట్టకపోతే, అదిగో ఆడు బతికున్నాడు అనేది. ముట్టిన రోజున నోరెత్తేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, చెబితే నవ్వుతారేమో. ఆ మాటలు పంపుకునే పేజీలో, అవతలి మనిషి అప్పుడు అక్కడుంటే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. కర్మ మాటలు జరిగాక ఓ రోజు మధ్యాహ్నం, దిబ్బ మీద అందరం ఉన్నాం, మరదలు ఊరికే తన పేజీ తెరిపించుకుంది. ఆ గడి ఉందో లేదో చూసుకోవడం దానికి రోజూ అలవాటు. చూస్తే తమ్ముడి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. నా చేతిలోనే ఉంది ఫోను, నా కళ్ళతో నేను చూశాను, నా చుట్టూ ఉన్నవాళ్ళంతా చూశారు. ఎక్కడున్నావు అని రాయి ఒదినా, అంది మరదలు. రాశాను. అది పోయింది గానీ చదివిన గుర్తు రాలేదు. కాసేపటికి చుక్క ఆరిపోయింది, మళ్ళీ ఎప్పుడూ వెలగలేదు. అమ్మకి ఎవరు చెప్పారో, తడుముకుంటూ దిబ్బెక్కి వచ్చి, పలికేడా, పలికేడా అని అందర్నీ అడుగుతూ తిరిగింది. తరవాత సెల్లు కొట్టతను, ఆ ఫోను ఎవరి చేతికైనా దొరికి ఉండొచ్చు, లేకపోతే యంత్రం తప్పు చూపించి ఉండొచ్చు అన్నాడు. అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఎవరి ఫోనులోనైనా ఆకుపచ్చ చుక్క కనిపిస్తే అది ఆరేదాకా కళ్ళు తిప్పుకోలేను.

ఆ తరవాత ఆ ఉచిత నెట్టు ఆగిపోయింది. ఇస్తే అందరికీ అన్నీ ఇవ్వాలి గానీ, బీదవాళ్ళకని కొన్ని కిటికీలే తెరిచి మిగతావి మూసి ఉంచడమేమిటని పట్నాల్లో చదువుకున్నవాళ్ళు కొట్లాడారట, ప్రభుత్వం ఆపించిందట. పేపర్లో చదివాను. వాళ్ళు చెప్పింది సబబే, నేనూ ఒప్పుకుంటాను, టీచరుగా అయితే చప్పట్లు కొట్టి ఉండేదాన్ని. కానీ ఆ మూసిన కిటికీ వెనక మా మరదలి కాపురం మొత్తం ఉందని వాళ్ళకెలా తెలుస్తుంది? ఆ కాస్త నెట్టూ పోయాక, ఆ గడిని చూడ్డానికి కూడా వీల్లేకపోయింది. మరి కొన్నాళ్ళకి నెట్టు నీళ్ళలా చవకైపోయింది, అందరూ కొత్త సిమ్ములు వేసుకున్నారు, మగవాళ్ళు బోటు మీదనుంచే మొహం చూపిస్తూ మాట్లాడడం వచ్చింది. అమావాస్య కోసం ఆగే పని లేదు, దిబ్బ ఎక్కే పనీ లేదు. ఆ నెట్టులో అన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. మరదలు కూడా ఎండు చేపల బేరానికని పెద్ద ఫోను కొంది, కానీ అందులో ఆ పేజీ పెట్టనివ్వలేదు. పాత ఫోను మాత్రం ప్రతి అమావాస్యకీ చార్జింగు పెట్టి, తుడిచి, మళ్ళీ డబ్బాలో దాచేది.

అమ్మ ఇంకొన్నేళ్ళు బతికింది. చివరికి చూపు దాదాపు పోయింది, వెలుగూ నీడా తెలిసేవి, మనిషిని గొంతు బట్టి పోల్చుకునేది. మంచాన పడ్డాక అందరి పేర్లూ మరిచిపోయింది గానీ, ఒక్క మాట మరవలేదు. నా కొడుకు మొకం ఓపాలి సూపించండే అని, వచ్చినవాళ్ళందరినీ, పాలు పోసే మనిషిని కూడా అడిగేది. రాత్రింబవళ్ళు ఆవిడకి చాకిరీ చేసింది మరదలే. అత్త ఆ మాట అంటుంటే విని, గంజి తాగించి, మూతి తుడిచి, గిన్నె కడగడానికి పోయేది. ఒకరోజు మధ్యాహ్నం నేను అమ్మ మంచం పక్కన కూర్చుని ఉండగా, మరదలు పాత ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తెరువు ఒదినా. అత్తకి సూపించు. నాకేటీ సెప్పకు."

అని బయటికి పోయి, అరుగు మీద సముద్రం వైపు తిరిగి కూర్చుంది. నేను నా ఫోను నెట్టు దానికి కలిపాను. అమ్మవారి పేరు కొట్టి పేజీ తెరిచాను. తమ్ముడి పేరు అక్కడే ఉంది. నేను రాసిన ఎక్కడున్నావు అక్కడే ఉంది. దానికి పైన ఆ రెండు ముక్కలు, నువ్వొక్కదానివే సూడు, అప్పకి సూపించకు. వాటి పైన గడి. గడి మధ్యలో చక్రం తిరిగింది. తమ్ముడూ, తప్పు నాది కాదురా అనుకుంటూ చూస్తున్నాను. చక్రం ఆగింది. గడి గడిలాగే ఉంది, దాని మీద ఇంగ్లీషులో, ఈ ఫొటో ఇప్పుడు లేదు అని వచ్చింది.

మళ్ళీ నొక్కాను. మూసి తెరిచాను. అదే మాట. అన్నాళ్ళు ఎవరూ తెరవకపోతే పోతుందో, వాడి పేజీ ఎవరైనా మూసేశారో, నాకు తెలీదు. ఎవరినీ అడగలేదు, అడిగితే సంగతి బయటపడుతుంది. అమ్మ నా కదలిక పసిగట్టి, వచ్చినాదేటే అంది. చెయ్యి దానంతటదే లేచి, ఆ ఫోనుని అమ్మ కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. చీకటి గదిలో ఆ బూడిదరంగు వెలుగు ఆవిడ మొహం మీద పడింది. అమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఎప్పటిలాగే ముక్కుకి ఆనించుకుని, చాలాసేపు చూసింది. వేలితో ఆ అద్దాన్ని నిమిరింది.

"సిక్కిపోనాడు నా నాయన," అంది. మరి కాసేపు చూసి, "ఎల్లిరా నాయనా" అని, ఫోను నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత ఇంకెవరినీ ఏమీ అడగలేదు. రెండు రోజులకి నిద్రలోనే పోయింది.

అంత్యక్రియలన్నీ అయ్యాక, అంట్లు తోముతూ తోముతూ తలెత్తకుండా అడిగింది మరదలు, అత్త చూసిందా అని. చూసిందే, అన్నాను. అబద్ధమంటారా? నేనూ చాలాసార్లు ఆలోచించాను. ఆ గదిలో ఇద్దరం ఒకే అద్దంలోకి చూశాం, ఆవిడకి కొడుకు కనిపించాడు, నాకు కనిపించలేదు. మరదలు తలదించుకునే, సరే అయితే, అంది. ఫోను కడిగిన చేతులతోనే తీసుకుని కొంగుకి తుడిచి డబ్బాలో పెట్టుకుంది. వాడు ఏం పంపాడో ఇంక ఈ లోకంలో ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ ఫొటో పోయిన సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు. అప్పకి చూపించకు అని రాసిన తమ్ముడు, చివరికి ఈ భారం అప్ప నెత్తినే పెట్టాడు.

రిటైరయ్యాక నేను శ్రీకాకుళం వచ్చేశాను, నాగావళికి దగ్గరలో చిన్న వాటా. అమావాస్య వస్తే మరదలు ఆటో ఎక్కి వస్తుంది, నాకోసం ఎండు రొయ్యలో కానాగంత చేపలో పట్టుకుని. జుట్టు నెరిసింది, బొట్టు మాత్రం ఇప్పటికీ రూపాయంత. దాని పెద్ద ఫోను టింగు టింగుమని మోగుతూనే ఉంటుంది, బేరాలు, బంధువులు, వంటల వీడియోలు, అందరి మొహాలూ ఎప్పుడు పడితే అప్పుడు. ఒకప్పుడు నెలకొకసారి ఒక మొహం కోసం ఇసకలో కూర్చున్న ఆడవాళ్ళం, ఇప్పుడు వద్దన్నా వచ్చిపడే మొహాల్ని వేలితో పక్కకి తోసేస్తున్నాం. తెరిచి చూసుకునేవి కొండంత పెరిగాయి గానీ, మూసి దాచుకోవడానికి ఎక్కడా చోటు లేకుండా పోయింది. అందుకే నా ఫోనులోనైనా ఆ గడులు అలా ఉండనీయమని మనవరాల్ని బతిమాలుకున్నాను. పిచ్చి అనుకుంది, అనుకోనీయండి.

భోజనాలయ్యాక మరదలు సంచిలోంచి ఆ పాత ఫోను తీసి, కొంగుతో తుడిచి, మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెడుతుంది. తెరవమని ఎప్పుడూ అడగదు. కాసేపు దాని వంక చూసి, ఒక్కటే అడుగుతుంది, ఉన్నాది కదా ఒదినా అని. జీవితమంతా పుస్తకం తెలుగు మాట్లాడినదాన్ని, ఆ ఒక్క జవాబుకి మాత్రం నాకు మా అమ్మ మాటే నోట్లోకి వస్తుంది.

"ఉన్నాదే. ఎక్కడికి పోతాది."